ట్రైలర్‌లో మడిచీర

వేసవిలో కారు వెనక తగిలించుకుని సరస్సుల పక్కకు లాక్కెళ్లడానికి చేసిన బండిలో మేం ఒక చలికాలమంతా కాపురమున్నాం. ఇక్కడ దాన్ని ట్రావెల్ ట్రైలర్ అంటారు. మాది ఇరవై నాలుగు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. నేను నిలబడితే నా తలకీ పైకప్పుకీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. ఒక చివర మంచం. రెండో చివర బల్ల, దానికి అటూ ఇటూ బెంచీలు. బల్లను కిందికి దించితే అదీ మంచమే. మధ్యలో పొయ్యి, సింకు, తలుపు వేస్తే మోచేతులు గోడకి తగిలే స్నానాల గది. అంతే.

ఈ చలిదేశంలో కిచెనర్ అనే ఊరి శివార్లలో కొత్త ఇల్లు బుక్ చేసి పాతది అమ్మేశాం. పాతది ఖాళీ చేయాల్సిన రోజులు దగ్గరపడ్డాక, కొత్త ఇల్లు వచ్చే వేసవి ముందు వరకూ చేతికి రాదని బిల్డరు కబురు పంపాడు. అపార్ట్‌మెంట్ల వాళ్లు ఏడాది లీజు తప్ప మాట్లాడమన్నారు. ట్రైలర్ మా దగ్గర ఉండనే ఉంది. ఊరి బయట లారీలు నిలుపుకునే యార్డు ఉన్న ఒక పంజాబీ ఆయన తన షెడ్డు పక్కన చోటూ, కరెంటూ, నీళ్లూ ఇచ్చాడు. "మైనస్ ట్వంటీ వస్తుంది భాయ్‌సాబ్. మా డ్రైవర్లు కూడా బండ్లలో పడుకోరు" అని మాత్రం అన్నాడు.

నేను ఉంటామన్నాను. దానికి కారణం ఉంది. నేను ఇంజినీరును కాను. డిగ్రీ సగంలో ఆపి, గుంటూరు దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా చేరాను. అక్కడ యంత్రాల వాళ్లు వదిలేసి వెళ్లిన పుస్తకాలు చూసి, గోడ మందం ఎంతుంటే ఎంత వేడి చొరబడుతుందో లెక్కకట్టడం సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు చేస్తున్నదీ ఆ జాతి పనే, గడ్డకట్టిన ఆహారం దాచే గిడ్డంగిలో. కోల్డ్ స్టోరేజీలో బయటి వేడి లోపలికి రాకూడదు. ట్రైలర్‌లో లోపలి వేడి బయటికి పోకూడదు. లెక్క ఒకటే, బాణం గుర్తు తిప్పుకుంటే చాలు అనుకున్నాను. కిటికీలకి ప్లాస్టిక్ పొర అంటించాను. పైకప్పులో గాలిపోయే రెండు కంతల్లో స్పాంజి దిండ్లు కుక్కాను. సందులన్నీ గట్టిపడే నురగతో పూడ్చాను. బండి అడుగుకి గాలి తగలకుండా చుట్టూ గడ్డిమోపులు పేర్చాను. డిసెంబరు మొదటి వారంలో బయట మైనస్ పద్దెనిమిది ఉంటే లోపల ఇరవై ఉంది. హీటరు తిరిగే సమయం కంటే ఆగి ఉండే సమయమే ఎక్కువ. నా లెక్క సరిగ్గా కుదిరింది.

ఈ లెక్కలో మేం ముగ్గురం. నేను, నా భార్య, మా అత్తగారు. ఆవిడకి డెబ్బై రెండు. గృహప్రవేశానికని వచ్చారు. గృహప్రవేశం వాయిదా పడింది కానీ ఆవిడ రావడం వాయిదా పడలేదు.

ఆవిడ పాతకాలం మనిషి. అల్లుడి ఎదుటపడి మాట్లాడరు. ఏదైనా చెప్పాలంటే కూతురికి చెబుతారు, కూతురు నాకు చెప్పాలి. పెద్ద ఇంట్లో అది మర్యాద. ట్రైలర్‌లో నేను ఆవిడకి రెండడుగుల దూరంలో కూర్చుని ఉండగా, "ఏమే, మీ ఆయన ఇంకో అట్టు వేసుకుంటారేమో అడుగు" అనేవారు. నా భార్య తల కూడా తిప్పకుండా "విన్నారుగా" అనేది. నేను "చాలని చెప్పు" అనేవాణ్ని. నా భార్య పనికి వెళ్లినప్పుడు ఆవిడ పొయ్యితోనో కిటికీతోనో మాట్లాడేవారు. "పాలు పొంగేట్టున్నాయి, ఎవరైనా కట్టేస్తే బాగుండు" అని స్నానాల గది లోపలినుంచి వినిపిస్తే, ఆ ఎవరైనా నేనే.

రెండోది మడి. తెల్లవారి స్నానం చేసి, ఎవరూ ముట్టుకోకుండా ఆరిన నూలుచీర కట్టుకుని వండుకుని తినడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అలా ఆరాలంటే ముందురోజు తడిపి, పిండి, ఎవరి చేయీ తగలనంత ఎత్తున దండెం మీద ఆరేయాలి. ట్రైలర్‌లో పైకప్పు కిందుగా నేనే ఒక కడ్డీ బిగించాను. ఆవిడ చిన్న కర్రతో చీరను దాని మీదికి ఎగదోసేవారు. ఒక పక్క నుంచి రెండో పక్కకు వెళ్లాలంటే మేమిద్దరం నడుం వంచి దాని కింద నుంచి దూరేవాళ్లం. వంటంతా ఆవిడదే. కందిపొడి, మెంతికూర పప్పు, చారు. మా ఇద్దరికీ ఆ చలికాలంలో బలం ఆ చారే.

డిసెంబరు మధ్యలో ఆవిడకి దగ్గు పట్టుకుంది. మొదట చలి వల్ల అనుకున్నాం. ఒక ఉదయం ఆవిడ లేచి దుప్పటి లాగితే అది రాలేదు. దాని అంచు గోడకి గడ్డకట్టుకుపోయింది. పరుపు ఎత్తి చూస్తే వెనక గోడంతా మంచు, ఫ్రీజర్ గోడకి పేరుకున్నట్టు. తలుపు చట్రం చుట్టూ కూడా అంతే. నేను భుజంతో రెండుసార్లు గుద్దితే గానీ తెరుచుకోలేదు. హీటరు బాగా వేడెక్కిన మధ్యాహ్నాల్లో ఆ మంచు కరిగి అల్మరాల లోపల చుక్కలు చుక్కలుగా కారేది. బట్టల పెట్టె అడుగున నల్లటి మచ్చలు కనిపించాయి.

"మీ లెక్కలో ఇది లేదా?" అంది నా భార్య.

లేదు. నేను వేడిని లెక్కపెట్టాను. నీటిని లెక్కపెట్టలేదు.

డాక్టరు ఆవిడ ఊపిరి విని, ఇన్ఫెక్షన్ ఏమీ లేదనీ, చెమ్మగాలి పడటం లేదనీ, పొడిగా ఉన్న చోట ఉంచమనీ చెప్పింది. ఆ సాయంత్రమే, ఈ దేశానికి పడమటి చివర ఉన్న సర్రీ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వీడియోలో తల్లి వెనక గోడ మెరుస్తూ కనిపించింది అతనికి.

"బావగారూ, సీరియస్‌గా చెప్తున్నా. అమ్మని మీరు ఐస్‌డబ్బాలో పెట్టారు."

"ఐస్‌డబ్బా కాదోయ్, లోపల ఇరవై ఉంది."

"ఇరవై ఉంటే ఏం లాభం, గోడ ఏడుస్తోందిగా. నెలాఖరు దాకా చూస్తా. ఆ వాల్ డ్రై అవ్వకపోతే నేనే ఫ్లైటెక్కి వచ్చి తీసుకెళ్లిపోతా. ఇక్కడ జీరో కిందికి దిగదు. హ్యాపీగా ఉంటుంది."

అత్తగారు లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారు. ఎందుకో నా భార్య నాకు తర్వాత చెప్పింది. అంతకు ముందు సర్రీలో ఆవిడ ఒక నెల ఉన్నారు. కొడుకూ కోడలూ ఆవిణ్ని అపురూపంగా చూశారు. కానీ ఆ ఇంట్లో పొయ్యి ఒక్కటే. దాని మీద వారానికి నాలుగు రోజులు మాంసం ఉడుకుతుంది. ఆవిడ దాన్ని తప్పుపట్టలేదు. వాళ్ల ఇల్లు, వాళ్ల తిండి. నెలంతా అటుకులూ, పాలూ, పళ్లతో గడిపి, కొడుకు అడిగితే ఆకలి లేదని చెప్పి వచ్చేశారు. ఇప్పుడు వెళితే నాలుగైదు నెలలు అలాగే.

కాబట్టి ఆ గోడ ఆరడం మీద ఒకరి అన్నం ఆధారపడి ఉంది.

నీటి లెక్క మొదలుపెట్టాను. ముగ్గురు మనుషులు ఊపిరితోనూ చెమటతోనూ రోజుకి రెండున్నర లీటర్ల దాకా గాలిలోకి వదులుతారు. చారు, అన్నం, ఇడ్లీపాత్ర కలిసి ఒక లీటరు. గ్యాసు మండితే దానిలోంచే నీరు పుడుతుందన్నది నేను మరిచిన సంగతి; అదో అర లీటరు. మిగిలింది మడిచీర. దాని బరువు తెలియాలి.

విమానం ఎక్కేవాళ్లు పెట్టెలు తూచుకునే కొక్కెం తక్కెడ మా దగ్గర ఉంది. చీరను నేను ముట్టుకోకూడదు. నా భార్య డ్యూటీలో ఉంది. నేను తక్కెడను కడ్డీకి తగిలించి, పొయ్యి వైపు చూస్తూ అన్నాను, "ఆ తడిచీర ఒక్కసారి ఈ కొక్కానికి తగిలిస్తే ఎంత నీరుందో తెలుస్తుంది."

ఆవిడ కిటికీతో అన్నారు, "ఇనుముకి అంటు లేదు కనక సరిపోయింది. లేకపోతే ఈ తూకాలేమిటి, చీర ఏమన్నా పత్తిబేళా?"

తగిలించారు. తడిది పదహారు వందల గ్రాములు చిల్లర. మర్నాడు ఆరినది ఎనిమిది వందలకు కొద్దిగా తక్కువ. అంటే చీర ఒక్కటే రోజుకి ఎనిమిది వందల గ్రాముల నీటిని ఆ గదిలో వదులుతోంది. మా ట్రైలర్‌లో ఉన్న గాలంతా కలిపి, ఇరవై డిగ్రీల దగ్గర, నిండా నానినా సుమారు అర లీటరు నీటినే మోయగలదు. నేను ఆ అంకెను మళ్లీ వేసి చూశాను. అంతే వచ్చింది. మిగతా నీరంతా దారి వెతుక్కుంటుంది. దారులన్నీ నేనే పూడ్చాను. ఇక గోడలే దిక్కు.

పైకప్పు కంతల్లో దిండ్లు తీసేశాను. వేడి పోతుంది, హీటరు ఎక్కువ తిరుగుతుంది, తప్పదు. అది కొంతవరకే పనిచేసింది. మనుషుల ఊపిరిని ఆపలేం. వంటను ఆపలేం. చీర సంగతి నా భార్య తల్లితో కదిపింది.

"అమ్మా, ఈ నాలుగు నెలలూ మడి మానేస్తే?"

"మానేస్తానే. మీరు వండుకోండి. నేను పళ్లు తింటాను."

"అదేమిటమ్మా!"

"సర్రీలో తిన్న పళ్లు ఇక్కడ తింటే అరుగుతాయా, అరగవా? అక్కడైతే గోడ కూడా తడవదు."

నా భార్య ఇంకా ప్రయత్నించింది. పట్టుకి దోషం లేదు కదా, పట్టుచీర కట్టుకోవచ్చు కదా అంది. "ఈ అగ్గిపెట్టెలో పొయ్యి పక్కన పట్టుచీరతో తిరగమంటావా? ఇన్సూరెన్సు ఎంతకి చేశారో మీ ఆయన్ని అడుగు" అన్నారు ఆవిడ. బయట లాండ్రీలో డ్రయ్యర్ ఉందంటే, "ఊళ్లో వాళ్ల లోపలి గుడ్డలన్నీ తిరిగిన డబ్బా" అన్నారు. నాకు నవ్వొచ్చింది కానీ, నేను ఎదురుగా లేనట్టే లెక్క కనక ఆపుకున్నాను.

గిడ్డంగిలో నేను రోజూ చూసే విషయం ఒకటుంది. మూత సరిగా పడని పెట్టెలో ఐసుముక్కలు వారాల మీద చిక్కిపోతాయి. అవి కరగవు, తడి కనిపించదు, కానీ తూచితే తగ్గుతాయి. గడ్డకట్టిన నీరు కూడా గాలిలోకి పోతుంది, గాలి పొడిగా ఉంటే. ఆ యార్డులో మైనస్ ఇరవై దగ్గర వీచే గాలి కంటే పొడిగాలి నేనెక్కడా చూడలేదు. చీరను బయట ఆరేస్తే సరి.

"గడ్డకట్టింది ఆరడమేమిటే? చలికి మీ ఆయనకి మతి పోయిందా?" అన్నారు అత్తగారు నేను వింటుండగానే.

"ఒక్కరోజు చూడమ్మా."

"చూస్తాను. ఎలా వెళ్లను? తడిగుడ్డతో ఈ మంచులోకా? కోటు వేసుకుంటే మడి ఏముంది?"

ఇక్కడ ఆవిడ శాస్త్రమే ఆవిడకి దారి చూపించింది. ఊలుకి అంటు లేదట. మా కోట్లన్నీ పాలిస్టరు. నా భార్య పాత బట్టల దుకాణానికి వెళ్లి, లోపల చీటీ మీద నూరు శాతం ఊలు అని ఉన్న నల్లకోటు ఒకటి తెచ్చింది. అత్తగారు దాన్ని చేత్తో నలిపి, వాసన చూసి, పసుపునీళ్లు చల్లి ఒప్పుకున్నారు. పంజాబీ ఆయన షెడ్డు గుంజ నుంచి మా ట్రైలర్ దాకా తాడు కట్టుకోనిచ్చాడు. ఎందుకని అడిగాడు. చెప్పాను. "మా బీజీ, అంటే మా అమ్మ, కూడా ఇలాగే" అని, ఆ పక్కకి లారీలు రాకుండా రెండు డ్రమ్ములు అడ్డం పెట్టించాడు.

మొదటిరోజు చీర తాడు మీద పడిన కాసేపటికే రేకులా బిగిసిపోయింది. గాలికి ఊగలేదు, మొత్తంగా తిరిగింది. సాయంత్రం ఆవిడే వెళ్లి, దాన్ని వంచకుండా నిలువుగా ఎత్తి పట్టుకుని తెచ్చి, కొక్కానికి తగిలించారు. ఎనిమిది వందల గ్రాముల నీటిలో రెండు వందలకు లోపే మిగిలింది. ఆ మిగిలినది లోపల కడ్డీ మీద ఆరింది. గాలి లేని రోజుల్లో ఇంత బాగా ఆరేది కాదు. మూడు చీరలు వంతులవారీగా తిప్పితే సరిపోయింది.

"అమ్మాయ్, మీ ఆయన చెప్పింది నిజమేనే" అని ఆవిడ అన్నారట. నేను ఇంట్లో లేనప్పుడు.

పది రోజులకి పరుపు వెనక గోడ చేతికి పొడిగా తగిలింది. తలుపు మామూలుగా తెరుచుకుంది. దగ్గు పూర్తిగా పోలేదు, కానీ మాట మధ్యలో ఆగే దగ్గు పోయింది.

గోడ ఆరిందంటే నమ్మక, బావమరిది నెలాఖరుకి తనే వచ్చాడు. చేతిలో తిరుగుప్రయాణానికి రెండు టికెట్లున్నాయి. కూర్చోకముందే పరుపు ఎత్తి గోడ తడిమాడు. అల్మరా తెరిచి అడుగున వేలితో రాశాడు. "ఓకే. డ్రై" అన్నాడు. సరిగ్గా అప్పుడే వాళ్లమ్మ నల్లకోటు వేసుకుని, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో తడిచీర పట్టుకుని తలుపు తీసి, మంచు పేరుకున్న ఇనుప మెట్టు మీద కాలు పెట్టి, ఆగి, రెండో కాలు దింపడం చూశాడు. ఆవిడ తాడు దాకా వెళ్లి తిరిగి వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"గోడ వదిలెయ్యండి బావగారూ. ఆ మెట్టు చూశారా? జారితే? ఈ ఏజ్‌లో హిప్ ఫ్రాక్చర్ అయితే మనిషి లేవదు. దానికి మీ దగ్గర ఏం లెక్కుంది?"

నా దగ్గర లేదు. ఆ మాటే చెప్పాను.

"అయితే ప్యాక్ చెయ్యమ్మా. రేపే వెళ్దాం."

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నేరుగా నాతో మాట్లాడింది అప్పుడే.

"అల్లుడుగారూ, సర్రీలో నా చీర ఆరుతుందా?"

ఆవిడకి ఏ జవాబు కావాలో నాకు తెలుసు. నాకూ అదే కావాలి. కానీ అడిగింది లెక్క. "బయట ఆరదండీ, అక్కడ చలికాలమంతా వాన. ఇంట్లో ఆరుతుంది. ఇల్లు పెద్దది. ఒక గదిలో వేస్తే గోడకి ఏమీ కాదు. మెట్లు కూడా దిగక్కర్లేదు."

"విన్నావా?" అన్నాడు కొడుకు. "బావగారే చెప్తున్నారు."

"విన్నానురా. ఇంట్లోనే ఆరుతుందన్నమాట." ఆవిడ కర్రను మూలన నిలబెట్టారు. "ఆరిన చీర కట్టుకుని, ఏ పొయ్యి దగ్గరికి వెళ్లాలి?"

నా భార్య గిన్నెలు తుడవడం ఆపింది. ట్రైలర్‌లో నలుగురం ఉన్నప్పుడు ఎవరూ ఎవరినీ చూడకుండా ఉండడం కుదరదు, అయినా అందరం ప్రయత్నించాం.

"అమ్మా, ఆకలి లేదన్నావుగా అప్పుడు."

"అన్నానులే."

"ఒక్క మాట చెబితే..."

"చెబితే ఏం చేసేవాడివి? పిల్లల నోటి దగ్గర కూడు తీయించేవాడివా? వాళ్లు తింటారు, తిననీ. నా గురించి ఇంకొకరు మానుకోకూడదు."

అతను తలుపు తీసి బయటికి చూశాడు. "మరి మెట్టు?" అన్నాడు.

"మెట్టు నిజమేరా. నాకూ భయంగానే ఉంటోంది. ఉన్నన్నాళ్లూ నువ్వు తెచ్చిపెట్టు. వెళ్లాక అమ్మాయి తెస్తుంది. స్నానం చేసి రా ముందు."

అతను స్నానం చేశాడు. మా ట్రైలర్‌లో వేడినీళ్ల ట్యాంకు ఇరవై రెండు లీటర్లు. సర్రీ అలవాటుతో నిలబడ్డాడేమో, చివర్లో కేక వినిపించింది. వాళ్లమ్మ కోటు తొడుక్కున్నాడు. చేతులు మోచేతుల దాకానే వచ్చాయి, గుండీలు పడలేదు. ఆ వేషంతో తడితల మీద టోపీ పెట్టుకుని తాడు దగ్గరికి వెళ్లి, అప్పటికే రేకులా బిగిసిన చీరను ఎత్తుకుని వచ్చాడు. అది తలుపులో పట్టలేదు.

"వంచకు! పోగులు తెగిపోతాయి!" అన్నారు ఆవిడ లోపలినుంచి.

"వంచకపోతే ఎలా వస్తుందే?"

"ముందు ఏటవాలుగా పెట్టు. ఇంకా. తల దించు. నీ తల కాదురా, చీర తల!"

లారీ కింద పని చేసుకుంటున్న డ్రైవరు ఒకడు లేచి నిలబడి చూశాడు. మొత్తానికి చీర లోపలికి వచ్చింది, అతను వచ్చాడు. మెట్టు మీద ఒకసారి అతనే జారాడు, తలుపు పట్టుకుని ఆగాడు. కోటు విప్పి తల్లికిచ్చి, బెంచీ మీద కూర్చుని, ఫోన్ తీసి రెండు టికెట్లలో ఒకటి క్యాన్సిల్ చేశాడు. ఎవరికీ చెప్పలేదు; స్క్రీన్ నాకు కనబడింది.

మర్నాడు అతని ఫ్లైట్ సాయంత్రం. మధ్యాహ్నం భోజనం చేసి, పంజాబీ ఆయన్ని అడిగి యార్డులో పడి ఉన్న ఇనుప గొట్టం ఒకటి, నాలుగు బోల్టులు తెచ్చుకున్నాడు. మెట్టు మీద మంచును సుత్తితో పగలగొట్టి, పక్కన రెయిలింగు బిగించాడు. నేను గొట్టం పట్టుకున్నాను. బిగించాక దాన్ని రెండు చేతులా పట్టుకుని, కాళ్లు పైకి లేపి వేలాడాడు. తొంభై కిలోల మనిషి. రెయిలింగు కదలలేదు. ఇంకోసారి వేలాడి, దిగి, చేతులు దులుపుకున్నాడు.